పాక మీద నా మొహం

"పారెయ్యకురా, పనికొస్తుంది." మా మేనత్త నోట ఎప్పుడూ అదే మాట. పాల కవర్లు కడిగి తీగ మీద ఆరేసేది. చుట్టాలొస్తే నేను సిగ్గుపడి వాటిని దాచేసేవాణ్ణి.

అలాంటి నేనే రాజమండ్రిలో పునర్వినియోగం మీద సభ పెట్టి, దేశం ఎంత ముందుకెళ్లిందో ఉపన్యాసం దంచాను. బల్ల నిండా కొత్త ప్లాస్టిక్ సీసాలు, వెనక నా నిలువెత్తు ఫ్లెక్సీ. చప్పట్లు ఆగగానే ముందు వరసలోంచి అత్త లేచింది.

"ఒరేయ్, ఆ ఫ్లెక్సీ నాకియ్యరా. గేదెల పాక కారిపోతోంది, దూడ తడిసి వణుకుతోంది."

"పెద్దవాళ్లున్నారు, ఊరుకో అత్తా."

"అయితే ఏంటి? వాళ్లకీ పాకలు కారుతున్నాయా?" అంటూ కుర్చీ ఎక్కి తాళ్లు విప్పేసుకుంది.

ఆ సభలో మళ్లీ వాడుకలోకి వచ్చింది ఆ ఫ్లెక్సీ ఒక్కటే. వానాకాలమంతా నా నవ్వు మొహం కింద దూడ పొడిగా పడుకుంది. దేశ ప్రగతికి నేను చేసిన సాయం అంతే.