చివరి చాప

ఎండుద్రాక్ష ఉడుకుతున్న వాసన తగిలితే చాలు, ఏలూరులో నా వంటింట్లో నిలబడి ఉన్నా ఒళ్ళు మండిపోతుంది. అది నాకు మా ఊరి యేసు గుడి వాసన. భీమడోలు దాటాక కొల్లేటి గట్టునున్న మా ఊళ్ళో, నెలకి మొదటి ఆదివారం సంఘమంతా రొట్టె, రసం పంచుకునే ప్రభు బల్లకి కావలసిన ద్రాక్షరసం మా ఇంట్లోనే కాచేవారు. శనివారం పొద్దున్నే అమ్మ తలస్నానం చేసి, నానబెట్టిన ద్రాక్షని ఇత్తడి గిన్నెలో సన్నసెగ మీద ఉడికించి, ఉతికిన పంచెగుడ్డలో వడకట్టి, మిగిలిన పిప్పి నా చేతిలో పెట్టేది.

చలికాలం వస్తే కొల్లేరు నిండా పక్షులు, ఇంటింటికీ కాగితపు నక్షత్రాలు, క్రిస్మస్ అరిసెలకి దంచిన బియ్యప్పిండి తడి వాసన. నాన్న తాటిదోనెలో నన్ను ముందు కూర్చోబెట్టుకుని వలలు ఎత్తడానికి వెళ్ళేవాడు. గుడిలో ఎప్పుడూ వినే మాట కదా, మారుమనస్సంటే ఏంటని ఒకసారి అడిగాను.

"ఏడవటం కాదమ్మా. దోనె తప్పుదారి పట్టిందనుకో, తిప్పుకుని, వచ్చినంత దూరమూ మళ్ళీ గెడ వెయ్యాలి," అన్నాడు.

నాకు పదేళ్ళప్పుడు సంఘ పెద్ద దానియేలు పెదనాన్న బాతులు కొన్ని కనబడకుండా పోయాయి. ఆయన ఇల్లు మాకు ఎదురే, గుమ్మానికీ గుమ్మానికీ నలభై అడుగులు. మా నాన్నే దొంగన్నాడు. ఒప్పుకునేదాకా బల్ల ముట్టకూడదన్నాడు. పాస్టరు గారు నోరెత్తలేదు. రసం కాచే పని మా ఇంటినుంచి పోయింది. అయినా నాన్న గుడి మానలేదు. వాకిలి దగ్గర చివరి చాప మీద కూర్చునేవాడు, రొట్టె పళ్ళెం ఆయన్ని దాటి వెళ్ళిపోయేది. వానాకాలంలో విషజ్వరంతో మంచం పట్టి, ఒక్కసారి రొట్టె ఇప్పించమని నన్ను పంపాడు. "తప్పు ఒప్పుకుంటేనే," అన్నాడు పెదనాన్న. ఆ జవాబు నా నోటితోనే నాన్నకి చెప్పాను. చెయ్యని తప్పు ఎలా ఒప్పుకుంటాడు? రొట్టె లేకుండానే పోయాడు.

మరుసటి ఏడు వేసవిలో దాళ్వా కోతలయ్యాక, చేలల్లో మేతకి తిరిగే బాతుల మంద వచ్చింది. అందులో రెక్కకి గుర్తుగా నీలం రంగు పూసిన బాతులున్నాయి. పెదనాన్నవే, దారి తప్పి కలిసిపోయినవి. కాపరే తెచ్చి అప్పగించాడు. ఆ ఆదివారం పెదనాన్న సంఘం ముందు మోకరించి భోరుమన్నాడు. ఆహా, ఏం మారుమనస్సని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. వాటిలోవే రెండు బాతులు కోసి పాస్టరు గారికి విందు కూడా చేశాడు. మా గుమ్మానికి మాత్రం రాలేదు. దేవుడే క్షమించాడంట, మనమెంత అంది అమ్మ. నేను మాత్రం రోజూ ప్రార్థనలో ఆయన కాళ్ళు పడిపోవాలని అడిగేదాన్ని.

ఈమధ్య నిజంగానే పడిపోయాయి. అబద్ధమెందుకు, సంతోషించాను. కిందటి నెల అమ్మని చూడ్డానికి వెళ్తే, ఆయనకి ఇంట్లోనే బల్ల ఇస్తున్నామనీ, అమ్మ చేతి రసమే కావాలంటున్నాడనీ కొత్త పాస్టరు గారు చెప్పారు. అమ్మ కాచిన గిన్నె నేనే పట్టుకెళ్ళాను.

"క్షమించావా అమ్మా?" అన్నాడు ముసలాయన.

"తప్పు ఒప్పుకుంటేనే, పెదనాన్నా."

"సంఘం ముందు ఒప్పుకున్నాను కదమ్మా."

"మా అమ్మ ముందు ఒప్పుకోలేదు కదండీ. ఇల్లు ఎదురే."

గిన్నె వెనక్కి తెచ్చేశాను. మర్నాడు పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, కొడుకులు ఆయన్ని మంచంతో సహా మోసుకొచ్చి మా గుమ్మంలో దించారు. నా కడుపు నిండింది. నీ పెనిమిటి నోటి దగ్గర రొట్టె లాగేశానమ్మా అని ఆయన ఏడుస్తుంటే, అమ్మ కూడా ఏడుస్తూ, పాస్టరు గారు తెచ్చిన రొట్టె తన చేత్తోనే తినిపించింది. రసం పట్టమని నా వైపు చూసింది. నా చెయ్యి లేవలేదు.

ఇప్పుడు గుడిలో చాపల్లేవు, ప్లాస్టిక్ కుర్చీలు. అందరూ ఒకే గిన్నెలో తాగడం పోయి బుల్లి కప్పులొచ్చాయి. బాతులు మేసిన చేలన్నీ చేపల చెరువులయ్యాయి. కక్ష ఉన్నవాళ్ళు బల్ల ముట్టకూడదన్న నియమం మాత్రం పోలేదు. ఆలస్యంగానైనా ఆయన దోనె తిప్పుకున్నాడు, నేనింకా గెడ పట్టుకోలేదు. మొన్న మొదటి ఆదివారం ఊరెళ్ళి, గుడి వాకిలి దగ్గర, నాన్న చాప ఉండే చోట కూర్చున్నాను. రొట్టె పళ్ళెం వస్తే పక్కావిడకి అందించేశాను. నన్ను వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు.