గొంగడి మీద కూర్చున్న దావా

మల్లప్పను గొప్పవాడని నేను అనను. మొండివాడు, తన మొండితనమే న్యాయమని నమ్మినవాడు. అయితే న్యాయమని మనం చెప్పుకునేవాటిలో మొండితనం పాలు ఎంతో తేల్చడం సులభం కాదు.

అచ్చంపేట దిక్కున గొర్ల మందల వెంట పెరిగిన మనిషి. నడివయసులో మందను తమ్ముళ్లకు అప్పగించి, పాలమూరులో కొత్తగా పుట్టిన గృహనిర్మాణ సహకార సంఘంలో చేరి, 1963లో ఇల్లు కట్టాడు. తక్కిన సభ్యులు గుమాస్తాలు, బడిపంతుళ్లు. అధ్యక్షుడు రామచంద్రం, పింఛను పుచ్చుకుంటున్న గిర్దావరు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఇంటి గోడకూ బాటకూ నడుమ నేల సంఘానిది, అది ఖాళీగా ఉండాలన్నది నియమం. మల్లప్ప అక్కడ షాబాదు బండలతో పొడవాటి అరుగు కట్టాడు. సంతకొచ్చే తమ్ముళ్లు, ఊరివాళ్లు ఆగి కూర్చునే చోటు లేకపోతే అతని దృష్టిలో అది ఇల్లే కాదు.

అరుగు కూల్చమని కమిటీ నోటీసిచ్చింది. కూల్చనివ్వొద్దని మల్లప్ప మున్సిఫ్ కోర్టుకెక్కాడు. నియమం కాగితం మీద ఉన్నంతసేపూ అందరిదీ. నేల మీదికి దిగాక ఎవరో ఒకరి గడప ముందే ఆగుతుంది.

స్థలం చూసి రమ్మని కోర్టు ఒక కుర్ర వకీలును పంపింది. ఆయన వెంట కమిటీ అంతా మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చింది. ప్రతివాదులైనా ఇంటికి వచ్చినవాళ్లే. మల్లప్ప లోపలినుంచి నల్ల గొంగడి తెచ్చి అరుగు మీద పరిచాడు. అందరూ కూర్చున్నాక తానూ ఒక అంచున కూర్చున్నాడు. అతని భార్య సుక్కమ్మ అందరికీ చల్ల పోసింది.

“అరుగు సంఘం జాగాల ఉందంటున్నరు. నువ్వేమంటవు?” అన్నాడు వకీలు.

మల్లప్ప నోరు తెరిచి, మళ్లీ మూశాడు.

“చెప్పు మల్లప్పా! కోర్టుల గంత ఒర్రినవు, ఇప్పుడేమైంది?” అన్నాడు రామచంద్రం.

“గొంగడి పరిస్తి గద సారూ...” మల్లప్ప తల గోక్కున్నాడు.

అతని ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకే గొంగడి మీద కూర్చున్నవాళ్లు దాన్ని మడిచేదాకా తగవాడరాదు. తన మర్యాదే తన నోటికి తాళం వేస్తుందని పరిచేటప్పుడు అతనికి తట్టలేదు.

“అయితే మడువు!” అన్నాడు రామచంద్రం.

“మీరు కూసున్నంక ఎట్ల మడుస్త? లెవ్వుమనుడు తప్పు.”

లేవడానికి రామచంద్రానికీ మనసొప్పలేదు. ఎదుట బాట కాలిపోతోంది, చేతిలో ఇంకా సగం చల్ల ఉంది.

గడపలో నిలబడ్డ సుక్కమ్మ కొంగు నడుముకు దోపింది. “కూసున్నది ఆయన. నేను నిలవడ్డ, నాకేం అడ్డం లేదు. గిర్దావరు సారూ, పోయిన నెల మీ మీటింగు యాడ పెట్టుకున్నరు?”

“ఆఫీసు లేకపోయె, అందుకని జర...”

“గీ అరుగు మీదనే! కూలగొట్టుమన్న కాయితం గుడ గీడనే కూసోని రాసిండ్రు. రాసేటప్పుడు పనికొచ్చిన అరుగు, రాసినంక పనికిరాదా?”

వకీలు నవ్వాపుకోలేకపోయాడు. కమిటీలోనూ ఇద్దరు నవ్వారు.

“ఒక్కరికి ఒప్పుకుంటే రేపు ఒక్కొక్కరు గోడలే జరుపుతరు,” అన్నాడు రామచంద్రం. ఆ మాటలోనూ నిజముంది.

వకీలు రాజీ సూచించాడు. నేల సంఘానిదే, అరుగు ఉంటుంది, దానిపై గోడ, కప్పు లేవకూడదు, ఎవరైనా కూర్చోవచ్చు. రామచంద్రం మిగిలిన చల్ల తాగేసి సరేనన్నాడు. ఒప్పుకోవడం తగవు కాదు గనుక మల్లప్పా తల ఊపాడు.

“ఆగుండ్రి,” అంది సుక్కమ్మ. “అందరిదైతే అందరు ఊడ్వాలె. అదీ రాయి బిడ్డా!”

వకీలు రాశాడు. సభ్యులు వంతులవారీగా ఊడ్వాలి. మొదటి వంతు అధ్యక్షుడిది.

మరునాడు పొద్దున్నే గిర్దావరు ధోవతి ఎగ్గట్టి అరుగు ఊడుస్తుంటే, మల్లప్ప పక్కనే నిలబడి, మూలన మిగిలిన చెత్తను వేలితో చూపిస్తూ గట్టిగా తగవాడుతున్నాడు.