పొంగు రాకముందే

కట్టెలు కొట్టి అమ్ముకునే మా ఊరి చేతికి అటవీశాఖ అడవి కాపలా అప్పజెప్పి అప్పటికి ఏడాదైంది. జలపాతం చూడటానికి వచ్చేవాళ్ళకు మా చేలల్లో పండిన రాగులతో సంగటి, నంజుకోవడానికి సెనిక్కాయల ఊర్బిండి చేసి పెట్టేవాళ్ళం. లోపల నిప్పు పెట్టొద్దని గేటు దగ్గర ప్రతి బండికీ చెప్పే పని నాది. ఎండాకాలం కావడంతో కొండ మీద గడ్డి కరకరలాడుతోంది. అది అంటుకుంటే వచ్చేవాళ్ళుండరు, మాకు మళ్ళీ గొడ్డలే గతి.

ఆ ఆదివారం పొద్దున బంగారుపాళ్యం నుంచి ఒక వ్యాన్ వచ్చింది. అందులో ఒక ముసలామె, ఆమె కొడుకు ఉన్నారు. ఆమె ఒళ్ళో పసుపు దారం కట్టిన ఇత్తడి గిన్నె ఉంది. చూశాను. మొక్కుల పొంగళ్ళ కోసం గేటు పక్కనే పొయ్యిలు కట్టించాం కదా, అక్కడే పెట్టుకుంటారులే అనుకున్నాను. వెనక బండ్లవాళ్ళు ఒకటే హారన్లు. అసలే నాకు ముక్కు మీద కోపం. విసుక్కుంటూ చెయ్యి ఊపి పంపేశాను.

గంట తిరక్కుండానే చెట్ల మధ్య పొగ లేచింది. నీళ్ళ బిందె చంకనెత్తుకుని పరుగెత్తాను. మూడు రాళ్ళ మీద పొంగలి ఉడుకుతోంది. గాలికి నిప్పురవ్వలు గడ్డిలో పడుతుంటే కొడుకు తువ్వాలుతో కొట్టి ఆర్పుతున్నాడు. ఒకచోట ఆర్పితే ఇంకోచోట అంటుకుంటోంది.

ముసలామె నాకు అడ్డం వచ్చింది.

"రెండు నిమిషాలమ్మా, పొంగు వచ్చేస్తా ఉండాది. నా మనవడు ఆస్పత్రిలో ఉండాడు. మొక్కు పొయ్యి నడమన ఆర్పకూడదు."

నురగ నిజంగానే గిన్నె అంచు దాకా వచ్చింది. నాకూ పిల్లలున్నారు. చెయ్యి ఆగింది. అంతలో గాలి కొండ వైపు తిరిగింది. ఎండుటాకుల్లో మంట చిటపటమంది.

బిందె మొత్తం కుమ్మరించాను.

పొయ్యి బుస్సుమని ఆరిపోయింది. మిగిలిన మంటను ఆమె కొడుకూ నేనూ పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పాం. గేటు దగ్గర మళ్ళీ పొయ్యి వెలిగించి ఇస్తానన్నాను. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"గిన్నెను సూసినావు గదమ్మా," అంది. "ఒక మాట సెప్పింటే ఆడనే పెట్టుకునింటాము గదా."

సగం ఉడికిన పొంగలి గిన్నెను ఒళ్ళో పెట్టుకుని వ్యాన్ ఎక్కింది. కొండకు ఏమీ కాలేదు. ఊళ్ళో అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ పిల్లాడి పేరైనా నేను అడగలేదు.