మార్తమ్మ పగటిబువ్వ

మేడ్చల్ బజారులో లింగం సేటు కిరాణా దుకాణం లోపల గద్దె ఉండేది, దిండు ఉండేది, బెల్లం వాసన, అగరొత్తుల వాసన ఉండేవి. అక్కడ సేటు కూర్చునేవాడు. దుకాణం బయట రేకుల పంచ కింద దీపాలకు వాడే గ్యాసునూనె పీపా, గరాటు, కొలపాత్ర ఉండేవి. అక్కడ మార్తమ్మ నిలబడేది. జనం లోపలికి వెళ్లి దండం పెట్టేవారు, బయటికి వచ్చి తిట్టేవారు.

మార్తమ్మది గుండ్లపోచంపల్లి. అక్కడి కిరస్తానీ వాడకట్టు నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది. మొగుడు రైలుకట్ట పనిలో జ్వరం తగిలి పోయాడు. ఇంట్లో మిగిలింది తను, అత్త దానమ్మ. గ్యాసునూనె వాసన సేటుకు పడదు, నూనె చేతులతో గద్దె ముట్టుకోవడం అతని ఇంట్లోవాళ్లకు గిట్టదు. అందుకని ఆ పనికి వాడకట్టు మనిషి కావాల్సి వచ్చింది. మార్తమ్మ దొరికింది.

మొదట్లో పని బాగానే ఉండేది. జర్మనీ లడాయి ముదిరి నూనె రావడం తగ్గిపోయాక ఖర్మ మొదలైంది. ఇంటికింత అని సర్కారువాళ్లు చిట్టీలు ఇచ్చారు. చిట్టీ చేతిలో ఉన్నా నూనె దొరుకుతుందన్న నమ్మకం లేదు. తెల్లారేసరికి సీసాలు, బుడ్లు, డబ్బాలు పట్టుకుని దూలపల్లి నుంచి కూడా జనం వచ్చి పంచ ముందు నిలబడేవారు. సేటు లోపల పీపాలు దాచాడని అందరికీ అనుమానమే. కానీ ఆ మాట సేటుతో అనే ధైర్యం ఎవరికీ లేదు. మార్తమ్మతో అనడానికి ధైర్యం అక్కర్లేదు.

"ఏందే, మా బుడ్డి కాడికి వచ్చెటాల్లకు నీ చెయ్యి వణుకుతాందా?"

"నురుగు పోసి నూనె అంటవేందే?"

"గిది నీ అయ్య ఇంటి సొమ్మా?"

మొదట్లో మార్తమ్మ ఎదురు తిట్టేది. తరవాత ఇంటికి పోతూ దారిలో ఏడ్చేది. ఆ తరవాత తిట్టూ పోయింది, ఏడుపూ పోయింది. ముందు నిలబడ్డ మనిషి మొహం కూడా చూడటం మానేసింది. సీసా మూతి ఒక్కటే చూసేది. నూనెకు వేళ్ల సందులు పగిలాయి. సాయంత్రానికి కణతలు పోటెత్తేవి. పగటిపూట తినడానికి తెచ్చుకున్న జొన్న గటక ముంత పీపా వెనక ఉండేది. ఒక చేత్తో గరాటు పట్టుకుని ఇంకో చేత్తో ముద్ద నోట్లో వేసుకునేది. ముద్దంతా నూనె కంపు. కొన్నాళ్లకు ముంత మూత తీయకుండానే ఇంటికి తిరిగి మోసుకుపోసాగింది. ఆదివారం కూడా సేటు రమ్మన్నాడు. ప్రార్థనకు పోవడమూ ఆగింది.

ఒకనాటి సాయంత్రం గుడిసెలోకి అడుగు పెట్టిందో లేదో, చూపు మసకబారిన దానమ్మ చీకట్లోంచి అడిగింది.

"నూనె ఉన్నదానే?"

దీపం ముట్టించడానికి అడిగిందంతే. పొద్దుట్నించి అదే మాట విని విని ఉన్న మార్తమ్మ చెయ్యి లేచింది. చెంప మీద దెబ్బ పడ్డ చప్పుడు విన్నాకే తను కొట్టిందని ఆమెకు తెలిసింది.

దానమ్మ ఏడవలేదు. చెంప తడుముకుంది. గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె గొంతులో జాలి ఎప్పుడూ లేదు, ఆ రోజూ లేదు.

"నన్ను గొట్టినవ్. మంచిగనే గొట్టినవ్. గద్దె మీద గూసున్నోన్ని కొట్టరాక ముసల్దాన్ని గొట్టినవ్."

"అత్తా, నేను..."

"నోర్ముయ్. గా ముంతల గటక ఎన్నొద్దులాయె నువ్వు తినక? నేను గుడ్డిదాన్నైతున్నగని వాసన సూడలేనా? పుల్లవడ్డది దెచ్చి నా ముందట వెట్టవడ్తివి. నీ పెయ్యిని, నీ పానాన్ని నువ్వు సూస్కోకపోతే లింగం సేటు సూస్కుంటడా? రేపట్నుంచి పగటీలి కూసోని బువ్వ తిను. చేతులు గడుక్కోని తిను. లేకుంటే గీ ఇంటికి రాకు. పిచ్చిదాంతోని నేనుండ."

క్షమాపణ చెప్పుకునే సందు కూడా ఇవ్వకుండా ముసలామె అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మార్తమ్మ గరాటు తీసి పీపా మీద బోర్లించింది. జనం ఇంకా ఉన్నారు. ముందు నిలబడ్డవాడు అంజయ్య, పట్టేలు ఇంటి జీతగాడు. పట్టేలు పేరు చెప్పుకుని ఎప్పుడూ వరస తప్పి ముందుకు తోసుకువచ్చే మనిషి.

"ఏందే, బంద్ జేసినవ్?"

"బువ్వ తినొస్త. ఆగు."

"పట్టేల్ ఇంట్ల పొయ్యి ఆగుతదా? పొయ్యవే!"

"పట్టేల్ తింటడు. నువ్వు తింటవ్. నేను సుత తింట."

ముంత తీసుకుని పంచ దాటి, గాలి వచ్చే వైపు, ఎడ్లబండ్లు విప్పే చోట ఒక రాయి మీద కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న సున్నిపిండితో చేతులు రుద్దుకుంది. వెనక బజారంతా గోలగోలగా ఉంది. అంజయ్య డబ్బా నేలకేసి కొట్టాడు. ఎవరో మట్టిపెడ్డ విసిరారు, అది వీపుకు తగిలింది. ఆమె తిరగలేదు. ముంత మూత తీసి ముద్ద కలిపింది. తిన్నది.

తిని వచ్చేసరికి సేటు పంచలో నిలబడి ఉన్నాడు. నూనె వాసనకు ముక్కు మీద కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"నా దుకాణం బంద్ వెట్టే అక్తియార్ నీకెవడిచ్చిండే?"

"దుకాణం బంద్ వెట్టలే సేటు. నోట్లె ఇంత ఏసుకున్న."

"నిలవడి తినరాదా? ఇన్నొద్దులు నిలవడే తింటివిగద!"

"శానొద్దులాయె తినక. ఒక్కనాడన్న తిన్ననా లేదా నువ్వు సూసినవా?"

"పో. ఇగ నీ మొకం సూపియ్యకు."

మార్తమ్మ ఇంటికి వచ్చి సంగతి చెబితే దానమ్మ మెచ్చుకోలేదు. "కూసోని తినుమన్నగని పని పోగొట్టుకొమ్మన్ననా?" అని సణిగింది. ఆ రోజుల్లో ఇద్దరూ ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోలేదు. కానీ మార్తమ్మకు నిద్ర పట్టింది. పగిలిన వేళ్లకు ఆముదం రాసుకుంది. ఆదివారం ప్రార్థనకు పోయి అందరితో కలిసి పాట అందుకుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

దుకాణంలో సేటు యాదయ్య అనేవాణ్ణి పెట్టాడు. దిట్టమైన మనిషి, నాగలి పట్టినవాడు. కానీ తిట్లు పడే అలవాటు లేదు. వారం తిరగకముందే అంజయ్య వాణ్ణి తల్లి పేరెత్తి తిట్టాడు, వాడు గరాటుతో అంజయ్య నెత్తి పగలగొట్టాడు. నూనె నేలపాలు చేసి, ఇటు మళ్లీ చూడకుండా పోయాడు. ఆ తరవాత ఆ పనికి ఎవరూ రాలేదు. సేటే పంచలో నిలబడి కొలవాల్సి వచ్చింది. అప్పటిదాకా దండాలు పెట్టిన జనం ఎదురుగా దొరికిన సేటును ఏమాత్రం వదల్లేదు. దాచిన పీపాల మాట మొహం మీదే అడిగారు. పట్టు పంచె నిండా నూనె మరకలు. నూనె కంపుకు పంచ పక్కనే కక్కుకున్నాడు.

ఒక పొద్దున సేటు బండి వాడకట్టు మొదట్లో ఆగింది. సేటు దిగలేదు. బండి మీంచే కేకేశాడు.

"ఏ మార్తీ! పనికి రావే."

మార్తమ్మ గుడిసె ముందుకు వచ్చి నిలబడింది. "పగటీలి కూసోని తింట."

"తిని సావు."

"చేతులు గడుక్క నీళ్లకుండ గావాలె."

"కుండే గద, పెట్టిస్త."

"ఐతారం రాను. పార్తనకు పోత."

సేటు మొహం కందగడ్డయింది. "ఐతారం జీతం కోస్త."

"కోస్కో. ఇంకొకటి. తిట్టినోన్ని వరుసల ఆఖరుకు పంపిస్త. గాడు పట్టేల్ మనిషైనా సరే."

"గది నాతోని గాదు! పట్టేల్ నన్ను బతకనిస్తడా?"

గుడిసె లోపల్నుంచి దానమ్మ గట్టిగా అన్నది. "గట్లైతే బండి మలుపుకో సేటూ. నీ పంచె నువ్వే ఉతుక్కో."

సేటు తన పంచె మీది నూనె మరకను గోటితో గీకాడు. చివరికి, "సరే తియ్, జల్దీ రా," అన్నాడు. ఆ అనడంలో ఇష్టం ఇసుమంత లేదు.

ఆ తరవాత బజారు ఆమెకు పెట్టిన పేరు బేగం సాబ్. పొద్దు నడినెత్తికి రాగానే, "జరుగుండ్రి, బేగం సాబ్ ఖానాకు లేస్తాంది," అని వెక్కిరించేవారు. ఆడవాళ్లు మరీ ఎక్కువ. తాము చంకన పిల్లలనేసుకుని ఎండలో నిలబడితే ఇది కూర్చుని తింటుందా అని కడుపుమంట. మార్తమ్మకు వాళ్ల ఎండ కనపడకపోలేదు. కానీ ముద్ద మధ్యలో లేచి పీపా దగ్గరికి వెళితే మళ్లీ ఎవరి మీద చెయ్యి లేస్తుందో ఆమెకు తెలుసు. తిట్టినవాణ్ణి ఆఖరుకు పంపేది, మారు మాట అనేది కాదు. అంజయ్యనూ పంపింది. పట్టేలు సేటును పిలిపించి గట్టిగానే మందలించాడు. సేటు వచ్చి ఆమెను మందలించాడు. ఆమె ఊ కొట్టి, మరుసటి రోజూ పంపింది.

సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు వాగు దగ్గర ఆగి కాళ్లూ మొహమూ కడుక్కునేది. ఒడ్డున కూర్చుని, ఆ రోజు పడ్డ తిట్లన్నీ ఒక్కొక్కటే పైకి అని, అన్నవాళ్లను పేరు పేరునా తిరిగి తిట్టేది. దారిన పోయేవాళ్లు దీనికి దయ్యం పట్టిందనుకునేవారు. గుడిసె చేరేసరికి ఆమె నోట్లో మాటలు మామూలుగా ఉండేవి. దానమ్మ మీద మళ్లీ చెయ్యి లేవలేదు. ముసలామె మాత్రం ఆ దెబ్బను ఏనాడూ మన్నించలేదు. వీలైనప్పుడల్లా వాడకట్టులో చెప్పేది.

లడాయి ముగిసిన మరుసటి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం పోలీసు చౌకీ నుంచి జవాను ఒకడు డబ్బాతో వచ్చాడు. పంచలో ఎవరూ లేరు. రాయి మీద మార్తమ్మ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తింటోంది.

"లే! అమీన్ సాబ్‌కు నూనె గావాలె."

"తినంగనే పోస్త."

జవాను లాఠీతో ఆమె ముందున్న నేలను కొట్టాడు. రొట్టె మీద దుమ్ము పడింది. మార్తమ్మ దుమ్ము దులిపి ఇంకో ముక్క తుంచింది. లాఠీ రెండోసారి లేచేసరికి సేటు దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"జవాన్ సాబ్, జర ఆగుండ్రి! తినంగ లేపితే గిది పని ఇడిచిపెట్టి పోతది. నేను సావాలె."

లోపలికి వచ్చి కూర్చొమ్మని సేటు బతిమాలాడు. జవాను పరువు తక్కువనుకున్నాడేమో, రానన్నాడు. పక్కనే వేపచెట్టు నీడ ఉన్నా అటూ పోకుండా ఎండలోనే నిలబడి, కిరస్తానీ దానికి ఇంత పొగరా అని సేటునూ ఆమెనూ కలిపి తిట్టాడు.

మార్తమ్మ తల ఎత్తలేదు. రొట్టె మొత్తం తిన్నది, ముంతలో నీళ్లు తాగింది, చేతులు కడుక్కుంది. నీడకు జరగమని అతనితో ఒక్క మాట కూడా అనలేదు.