రొయ్యపొడి పౌచ్ మీద తెలుగు పేరు

మలేషియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో పౌచ్‌లు అచ్చువేసే చిన్న దుకాణంలో జయమణి పద్దెనిమిదేళ్లుగా డిజైన్లు గీస్తోంది. అరటి చిప్స్ కానీ, ఎండుచేపలు కానీ, జిప్ ఎక్కడ రావాలో లేబుల్ ఎక్కడ పడాలో ఆమె చెప్పిందే. మలయ్, చైనీస్, తమిళం అన్నిటిలోనూ పేర్లు వేసింది. తెలుగు మాత్రం ఎవరూ అడగలేదు. ఆమెకూ మాట వచ్చు గాని అక్షరం రాదు.

పోయిన ఏడాది పక్క ఊరు సుంగై సుమున్ నుంచి కూర్మమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఇంట్లో రొయ్యపొడి కొట్టి అమ్ముతుంది.

“మన బాసలో పేరెయ్యమ్మా. మా అమ్మ నేర్పిన పొడి ఇది,” అంది.

జయమణి ప్రాణం లేచొచ్చింది. ఒకప్పుడు ఎస్టేట్ తోటల కూలీల పిల్లలకు తెలుగు చెప్పిన సుప్పయ్య ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లింది. ఆ చుట్టుపక్కల తెలుగు రాయగలిగినవాడు ఆయనొక్కడే. పేరు కాగితం మీద రాసిచ్చాడు. కంప్యూటర్‌లో అక్షరాలు విడిపోతుంటే, ఆ కాగితం చూస్తూ ఒక్కొక్క వంపూ తనే గీసింది. ఆకుపచ్చ పౌచ్ మీద పసుపు రంగులో పెద్దగా పేరు, అడుగున చిన్నగా మలయ్. వెయ్యి అచ్చయ్యాయి.

సరుకు తీసుకున్న కొట్టు యజమాని నెల తిరక్కుండా పెట్టెలన్నీ వెనక్కి పంపాడు. గుండ్రటి అక్షరాలు చూసి బర్మా సరుకనుకుని ఎవరూ ముట్టడం లేదట. ఆ పెద్ద అక్షరాల మీద మలయ్ స్టిక్కర్ వేస్తేనే పెడతానన్నాడు.

“నాను ఎల్లి మాటాడతాను మామ్మా. నువ్వు ఒప్పుకోవద్దు,” అంది జయమణి.

“ఏటి మాటాడతావు? నా మనవరాలే ఆ పేరు సదవలేకపోనాది,” అంది కూర్మమ్మ.

జయమణి ఊరుకోలేదు. సుప్పయ్య వెంట వస్తే కొట్టువాడు వింటాడేమోనని, ఒక పౌచ్ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

“రొయపొడి... ‘య’ కింద ఒత్తేదమ్మా? రొయ్య కదా?”

జయమణి ఆయన రాసిచ్చిన కాగితం తీసి చూపించింది. అందులోనూ ఒత్తు లేదు.

“నానే మరిసిపోనాను,” అన్నాడు సుప్పయ్య. పౌచ్ తిరిగిచ్చి, “ఎవులైనా తప్పని సెప్పినారా?” అని అడిగాడు.

“లేదు తాతా. ఎవులూ సెప్పలేదు.”

తప్పు కనిపెట్టేంతగా ఆ పేరు చదివినవాళ్లే లేరు. ఆమె కొట్టుకు వెళ్లలేదు. మర్నాడు స్టిక్కర్లు అచ్చువేసుకుని, కూర్మమ్మ పక్కన కూర్చుని అన్నీ అంటించింది. ఒత్తు సంగతి చెప్పలేదు. అంచులు లేచిపోకుండా కూర్మమ్మ ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో గట్టిగా అదుముతూ పోయింది.