గోడ అవతలి మంట

మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా నేను ముందు పెరటి గోడ చూపిస్తాను. సజ్జ కింద తెల్లటి గ్యాస్ గీజరు, కొంచెం పక్కగా జాలీ తలుపున్న గూట్లో సిలిండరు, గీజరు నుంచి స్నానాల గది దాకా నల్లటి స్పాంజి తొడుక్కుని సాగిన నీళ్ల పైపు. చూడ్డానికి అందంగా ఏమీ ఉండదు. గోడ మీద జెర్రిపోతు పాకినట్టుందని మా ఆయన ఎగతాళి చేస్తారు. అయినా చూపిస్తాను. సిద్దిపేటలో ఈ ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసిన రోజు కూడా నాకింత గర్వం కలగలేదు.

ఆ గర్వం ఎందుకో తెలియాలంటే మా అత్తమ్మ సంగతి చెప్పాలి. మా గల్లీలో ఎవరింట్లో పురుడైనా, హిందువులైనా ముస్లింలైనా, పచ్చి బాలింతకూ పసిబిడ్డకూ నీళ్లు పోయాల్సింది ఆమే. ఆమె చేతి మర్దనకు ఏడ్చే పిల్లలు కూడా నిద్రపోతారని పేరు. ఆమె పద్ధతుల్లో మొదటిది, బాలింతకు గాలి తగలకూడదు. స్నానాల గది తలుపు బిగించి, కింద సందులో గోనెసంచి పెట్టి, వెంటిలేటరులో పాత చీర కుక్కి, అప్పుడు గానీ చెంబు ముట్టుకోదు. దానికోసమే ఒక మెత్తటి నేత చీర విడిగా దాచుకుంది. ఎవరింటికి పోయినా అది చంకన ఉండాల్సిందే.

ఇన్నేళ్లూ ఆ నీళ్లు మా పెరట్లో కట్టెల పొయ్యి మీద, పెద్ద కాగులో కాగేవి. మంట బయట, మనుషులు లోపల. అందుకే చీర ఎంత గట్టిగా కుక్కినా ఎవరికీ ఏమీ కాలేదు. ఈ చిన్న సంగతి ఆమెకు తట్టలేదు, చాలాకాలం నాకూ తట్టలేదు.

మా అమ్మాయి తొలి కాన్పుకు ఇంటికి వచ్చిన ఏడాది అత్తమ్మ నడుము మొరాయించింది. కాగు దించలేదు, కట్టెలు ఎగదోయలేదు. ఇంట్లో ఉన్న కరెంటు గీజరు రెండు బకెట్లకే చేతులెత్తేసేది. అత్తమ్మ పోసే స్నానానికి అవి కాళ్లు తడపడానికి కూడా చాలవు. అందుకని గ్యాస్ గీజరు కొన్నాం. బిగించడానికి వచ్చిన ఫిట్టరు తిన్నగా స్నానాల గదిలోకి వెళ్లి, నల్లా పైన గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టాడు.

"గీడ ఎందుకు తమ్మీ?" అని అడిగాను.

"అందరిండ్లల్ల గీడ్నే పెడ్తున్నరు మేడం. నల్లాకు దగ్గరుంటది, నీళ్లు సల్లవడయి."

నేను సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. మంట గాలిలో దేన్ని తింటుందో, దేన్ని వదులుతుందో ఎందరి చేతనో వల్లె వేయించిన నోరు నాది. ఆ పెన్సిలు గుర్తు చూసి, తల ఎత్తి వెంటిలేటరు చూశాను. అక్కడ అత్తమ్మ చీర కుక్కి ఉన్నట్టే కనబడింది. మూసిన గదిలో గ్యాసు మండితే ఉన్న కాస్త గాలినీ అదే తినేస్తుంది. గాలి చాలనప్పుడు అది వదిలే విషానికి రంగుండదు, వాసనుండదు. లోపలున్న మనిషి వేడినీళ్ల హాయికి మగత వస్తోందనుకుని అట్లాగే కూర్చుంటుంది. తర్వాత లేవాలన్నా లేవలేదు. ఆ గదిలో కూర్చోబోయేది నా బిడ్డ, దాని బిడ్డ, మా అత్తమ్మ.

ఫిట్టరును ఆగమని చెప్పి అత్తమ్మ దగ్గరికి వెళ్లాను. గీజరు లోపల పెడితే ఇక వెంటిలేటరు మూయకూడదని చెప్పాను.

"మూయకపోతె బాలింతకు గాలి గొట్టదా? నువ్వు బాలింతవైనప్పుడు గూడ గిట్లనే పోసిన. నీకేమన్న అయిందా?" అంది.

మాటలతో కాదనుకుని నా పాత విద్య బయటికి తీశాను. వరండాలో ప్రమిద వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించాను. మంట చిన్నదై, నీలంగా వణికి, ఆరిపోయింది. క్లాసులో పిల్లల వైపు తిరిగినట్టు గొప్పగా అత్తమ్మ వైపు తిరిగాను. ఆమె ముఖం కందగడ్డలా ఉంది.

"నెలలు నిండిన పిల్ల ఇంట్ల ఉండంగ దీపం ఆర్పుతవా? పంతులమ్మవు, గంత ఎరుక లేదా?"

విసవిసా దేవుడి గదిలోకి వెళ్లి, ఉన్న ప్రమిదలన్నీ వెలిగించింది. మా అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. "నీ క్లాసు ఫెయిలైందమ్మా" అంది. నాకు ఒళ్లు మండింది. అయితే మండిన ఒంటికే ఉపాయమూ తోచింది. ఈ రోజు చీర లాగేస్తే రేపు దుప్పటి కుక్కుతుంది. ఆ చేతుల అలవాటు ముందు నా సైన్సు నిలబడదు. చీరతో నేను గెలవలేను. మంటనే ఎప్పటిలా బయటికి పంపాలి.

ఫిట్టరు బయట బిగించడానికి ఒప్పుకున్నాడు గానీ, పైపు పొట్టిగా ఉంటుందని సరిగ్గా వెంటిలేటరు కిందే చోటు చూశాడు. పొగ తిన్నగా లోపలికే పోతుంది, వద్దన్నాను. పక్కకు జరిగాడు. అక్కడ వంటింటి కిటికీ. అదీ వద్దన్నాను.

"ఇగ మీరే సెప్పున్రి మేడం, ఏడ పెట్టాల్నో" అన్నాడు, సుత్తె కింద పెట్టి.

గోడ పొడుగునా నడిచి, బట్టలుతికే బండ దాటాక ఏ కిటికీ, ఏ తలుపూ లేని చోట చెయ్యి పెట్టి చూపించాను. పైన సజ్జ ఉంది కాబట్టి వాన పడదు. ముందంతా ఆరుబయలు కాబట్టి పొగ నిలవదు. దూరమైనందుకు నీళ్లు చల్లబడకుండా పైపుకు స్పాంజి తొడుగు వేయించాను. సిలిండరును నిలువుగా, గాలి ఆడే గూట్లో పెట్టించాను. వంటింట్లో పడి ఉన్న పాత గ్యాసు పైపు వాడదామంటే ఒప్పుకోకుండా నాణ్యత మార్కున్న కొత్తది తెప్పించాను. గ్యాసు తిప్పాక ప్రతి కీలు దగ్గరా సబ్బు నురగ పూయమన్నాను. రెగ్యులేటరు దగ్గర ఒక బుడగ మెల్లగా ఉబ్బింది. అతను బిగించి మళ్లీ పూశాడు. బుడగ రాలేదు. ఇంకోసారి పూయమన్నాను.

"మేడం, మీ సబ్బే అయిపోతది మరి" అని నవ్వుతూనే పూశాడు.

అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. మొదటి స్నానం రోజు నీళ్లు ముందు బకెట్లోకి వదిలి, చేత్తో వేడి చూసి ఇచ్చాను. అత్తమ్మ తల్లీబిడ్డల్ని తీసుకుని లోపలికి వెళ్లి తలుపు బిగించింది. నేను పెరట్లోకి వెళ్లాను. అనుకున్నట్టే వెంటిలేటరులోంచి ఆ నేత చీర అంచు బయటికి వేలాడుతోంది. గీజరు చిన్న కిటికీలో నీలి మంట కుదురుగా మండుతోంది. లోపల పసిగుడ్డు కాసేపు ఏడ్చి ఒక్కసారిగా ఊరుకుంది. మంట ఆ గదిలో ఉండి ఉంటే ఆ నిశ్శబ్దానికి తలుపు విరగ్గొట్టేదాన్ని. అప్పుడు మాత్రం హాయిగా నవ్వుకున్నాను. గోడకు ఇటు మంట, అటు నా వాళ్లు. మధ్యలో ఆ గోడను నిలబెట్టింది నేనేనని కళ్లు చెమర్చేంత గర్వం వేసింది.

బయటికొచ్చాక అత్తమ్మ "నీళ్లు మంచిగ కాగినయి" అంది. నాతో కాదు, పైపుతో.

కొన్నాళ్లకు ఎదురింటి బీబీ కోడలు ప్రసవించింది. అత్తమ్మకు పిలుపొచ్చింది. చీర చంకన పెట్టుకుని వెళ్లిన మనిషి ఎంతోసేపు కాకముందే తిరిగొచ్చి, తిన్నగా తన గదిలోకి పోయింది. నడుము పట్టిందేమోనని కంగారుపడుతుండగా వెనకే బీబీ వచ్చింది.

"ఏంది టీచరమ్మా, మీ అత్తమ్మ నీళ్లు పొయ్యనని లేసొచ్చింది. మా తోని ఏం తప్పయింది?"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఏం జరిగిందో నెమ్మదిగా చెప్పమన్నాను.

"అంత మంచిగనే కూసుంది. కిటికీల చీర వెట్టింది. నల్లా తిప్పంగనే మీదున్న గీజర్ల మంట అంటుకున్నది. గంతే, చీర గుంజేసి, బిడ్డను ఎత్తుకొని బయిటికొచ్చింది. దీపం మీద గ్లాసు బోర్లిస్తె ఏమైతది, ఆరిపోతది, తలుపులు మూసి గిండ్ల కూసున్నోళ్లకు గూడ గంతేనట. 'మా కోడలు చేసి సూపెట్టింది, మా కోడలు సెప్పిందంటె సెప్పిందే, గీజరు బయిటికి వొయ్యేదాంక నేను పొయ్య' అన్నది మీ అత్తమ్మ. నిజమేనా టీచరమ్మా?"

నిజమేనని చెప్పాను. ఈ ఇంటికి కోడలినై వచ్చినప్పటి నుంచి అత్తమ్మ నలుగురిలో నన్ను 'గామె' అనడం విన్నాను, 'పంతులమ్మ' అనడం విన్నాను. 'మా కోడలు' అనడం ఎప్పుడూ వినలేదు. ఆ రెండు మాటలు విన్నాక ఉత్తమ ఉపాధ్యాయురాలని నాకు కప్పిన శాలువా కూడా వెలవెలబోయింది.

ఫిట్టరుకు ఫోను చేయించాం. అతను వచ్చి వాళ్ల గీజరు బయటికి మార్చేదాకా ఆ పాపకు మా నీళ్లే పోద్దామన్నాను. బకెట్లు నింపి, మూతలు పెట్టి, నేనూ బీబీ చెరొకటి పట్టుకున్నాం. అత్తమ్మ గదిలోంచి బయటికొచ్చింది. ఉండబట్టలేక అడిగాను.

"గా దినం మీరు దీపం దిక్కు సూడనే లేదనుకున్న అత్తమ్మా."

"దీపం ఎందుకార్పినవని తిట్టిన గని, సూడలేదని అన్ననా?"

అంటూనే ఆ నేత చీర చంకన పెట్టుకుని, మా కన్నా ముందు గల్లీ దాటింది.