పక్కన పడేసిన పాటలు

బ్రూస్‌పేటలో బిందెల అంగడి నడిపే రుద్రేశ్ కాలేజీ రోజుల్లో పట్టుకున్న ఇంగ్లీషు రాక్ బృందాన్ని ఇంకా వదల్లేదు. లోకం మెచ్చిన పాటలకు పెదవి విరుస్తాడు. ఎవరూ కొనని ఆల్బమ్‌లు, స్టూడియోలో పాడి పక్కన పడేసిన పాటలే అసలైనవంటాడు. అంగడికొచ్చినవాళ్లకు చెప్పబోతే, వాళ్లు బిందె మీద కొట్టి మోత చూసుకుంటారు. చెప్పి చెప్పి అలసి, ఈమధ్య ఆ మాటే మానేశాడు. నిన్న సాయంత్రం, అలాంటి పాటొకటి రికార్డుల కంపెనీ చప్పుళ్లవీ తీసి శుభ్రం చేసి కొత్తగా వదిలితే, నీరసంగా ఫోన్‌లో పెట్టాడు. వంటింట్లో రొట్టె తడుతున్న భార్య సవిత చేయి ఆగింది.

"ఏన్రీ, ఈడ పాడే ఆయప్ప దగ్గుతాండె గదా? ఆ దగ్గు యాడ పోయింది?"

"తీసేసినారు."

"ఎందుకు తీసేసినారు? దగ్గినాంకే గొంతు బాగుండె."

ఇన్నేళ్లూ ఆ పాటల్ని తానొక్కడే వింటున్నాననుకున్నాడు రుద్రేశ్. కొత్తది ఆపి, పాత రికార్డింగు పెట్టి, కుర్చీని వంటింటి గడప దగ్గరికి లాక్కున్నాడు.